ఒక కుట్టు తక్కువ

జేబెజ్ రండిల్ తన ఉద్యోగ కాలంలో నలభై మూడు శవాలను కుట్టాడు. నలభై రెండింటిని పూర్తిగా కుట్టాడు. ఒకదానికి మాత్రం ఒక కుట్టు తక్కువైంది. ఆ తరువాత అతని బతుకంతా ఆ తక్కువైన కుట్టు చుట్టూనే తిరిగింది.

నేను అతనితో ఒకే ఓడలో, ఒకే బల్ల దగ్గర, ఇరవై ఏళ్లు తిన్నాను. ఫీల్డ్‌ఫేర్ అని ఆ ఓడ పేరు. పద్దెనిమిది ఫిరంగుల స్లూప్, అంటే చిన్న యుద్ధనౌక. పెద్ద యుద్ధనౌకల పక్కన కడితే ఎడ్ల మందలో మేకపిల్లలా ఉండేది. మూడు తెరచాప కొయ్యలు, నూట ఇరవై మంది మనుషులు. ఆవిరి యంత్రమూ లేదు, పొగ గొట్టమూ లేదు, గాలే దిక్కు. నౌకాదళం వారి కాగితాల్లో దాని చరిత్ర నాలుగు వరుసలకు మించదు. ఫలానా ఏట డెవన్‌పోర్టులో నీళ్లలోకి దిగింది. మధ్యధరా సముద్రంలో తిరిగింది. ఆఫ్రికా పడమటి తీరాన బానిసల ఓడలను పట్టింది. చైనా పోయింది, రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు బాల్టిక్‌లో పెద్ద ఓడలకు ఉత్తరాలు మోసింది, ముసలిదైంది, విరగ్గొట్టారు. మనిషి చరిత్ర ఇంతకన్నా పొడుగని ఎవరన్నారు? సమాధి రాయి మీద రెండు వరుసలకే చోటుంటుంది. ఓడే నయం.

జేబెజ్ ఆ ఓడలో తెరచాపలు కుట్టేవాడు. అరచేతికి తోలుపట్టా, మూడు పలకల సూది, తారు పూసిన దారం. తుఫానులో చిరిగినదాన్ని తెల్లవారేసరికి మళ్లీ గాలి పట్టేలా చేయడం అతని పని. ఆ సూదికే ఇంకో పని కూడా ఉంది. సముద్రం మీద ఎవడైనా పోతే, వాడు పడుకునే గుడ్డ ఊయలలోనే వాణ్ణి చుట్టి, కాళ్ల దగ్గర రెండు ఫిరంగి గుండ్లు పెట్టి, పాదాల నుంచి పైకి కుట్టుకుంటూ రావాలి. చివరి కుట్టు ముక్కులోంచి పోవాలి.

ఆ చివరి కుట్టు ఎందుకని నేను చాలామందిని అడిగాను. దెయ్యమై ఓడ వెంట ఈదుకుంటూ రాకుండా, అన్నాడు వంటవాడు. ముఖం మీద గుడ్డ జారకుండా, అన్నాడు ఫిరంగుల మేస్త్రి. అతను దేన్నయినా మేకు కొట్టినట్టే ఆలోచించేవాడు. జేబెజ్ మాత్రం, "బతికుంటే అరుస్తాడు. ఇంకేముంది?" అన్నాడు. స్మిర్నాలో చనిపోయినవాడి ముక్కు దగ్గర అద్దం పెట్టి చూడటం నేను కళ్లారా చూశాను. లివర్నోలో ఒక ముసలమ్మ ఈక పెట్టింది. ఊగే ఓడ మీద అద్దం పట్టుకోవడానికి చెయ్యి నిలవదు, ఈక గాలికి పోతుంది. మాకు సూదే అద్దం.

జేబెజ్ అన్న పేరు బైబిల్లోది. నొప్పితో కన్నాను గనక ఆ పేరు పెట్టానని అక్కడ ఒక తల్లి అంటుంది. మిల్‌బ్రూక్‌లో చేపల పడవ బోల్తాపడి మొగుడు పోయిన వారానికి మా జేబెజ్‌ని కన్న తల్లికి ఇంకో పేరు తోచి ఉండదు. ఆమె మళ్లీ పెళ్లాడింది, పదకొండేళ్లకు ఒక ఆడపిల్లను కని కన్నుమూసింది. ఆ పిల్ల టామ్సిన్. మారుటి తండ్రి తాగుబోతు. జేబెజ్ ఆ పిల్లకు జడ వేశాడు, గంజి తాగించాడు, సూది పట్టుకోవడం నేర్పాడు. తెరచాపల సూది పట్టిన చెయ్యి నేర్పిన పనితనం గనక, పెద్దయ్యాక డెవన్‌పోర్టు అధికారుల చొక్కాలకు టామ్సిన్ కుట్టిన గుండీ కాజాలు చొక్కా చిరిగినా చిరిగేవి కావు.

ఆమెను చేసుకున్నవాడు ఏమస్ హాకింగ్. మా బల్లవాడే. ముందు కొయ్య మీదికెక్కి తెరచాపలు విప్పేవాడు. ఆ ముక్కు సంగతి చెప్పకుండా ఏమస్‌ని గురించి చెప్పలేను. అంత ముక్కు నేను నాలుగు ఖండాల్లో చూడలేదు. ఓడ మలుపు తిరిగితే ముందు ఏమస్ ముక్కు తిరిగి, తరువాత ఓడ తిరుగుతుందనేవాళ్లు. నిద్రలో కూడా నోరు మూసేవాడు కాదు. కలలో ఎవరితోనో పోట్లాడేవాడు, పాడేవాడు, పక్క ఊయలలోవాణ్ణి లేపి ఆ కల చెప్పేవాడు.

పెళ్లయిన ఆరు వారాలకు ఓడకు ఆఫ్రికా ఉత్తర్వు వచ్చింది. డెవన్‌పోర్టులో మటన్ కోవ్ రేవు మెట్ల దగ్గర పడవ ఎక్కబోతుంటే టామ్సిన్ అన్న చొక్కా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఒక మాటడుగుతా. కాదనకూడదు."

"ముందు అడుగు."

"ఈయనకేమైనా అయితే... ఆ సూది ఈయన ముఖంలో గుచ్చొద్దు."

"నీ నోట్లో పుండు పడ! బయల్దేరే వేళ ఏం మాటలే అవి?"

"నువ్వొకసారి అన్నం దగ్గర చెప్పావు చూడు, అప్పట్నించీ నాకు కళ్లు మూస్తే అదే. ఒట్టెయ్యి."

ఏమస్ పడవలోంచి కేకేశాడు: "వెయ్యి బావా, వెయ్యి! నాకు దేవుడిచ్చిన అందం ఈ ముక్కొక్కటే. దానికి చిల్లు పెడితే పరలోకంలో మీ చెల్లెలు నన్ను గుర్తుపట్టొద్దూ?"

"నీ ముక్కుని గుర్తుపట్టడానికి పరలోకం దాకా పోవాలా? ప్లిమత్ నించే కనిపిస్తది" అన్నాడు జేబెజ్. అందరం నవ్వాం. నవ్వుతూనే అతను చెల్లెలి చేతిలో చెయ్యేశాడు. ఒట్టు ఒట్టే.

ఆఫ్రికా తీరంలో రెండేళ్లు. ఆ రెండేళ్ల గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. బెనిన్ అఖాతంలో ఒక స్పానిష్ బానిసల ఓడను పట్టాం. దాని అడుగున ఉన్న మూడు వందల మందిలో బతికి ఒడ్డెక్కినవాళ్లు ఎందరో చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ఆ ఓడలో ఉన్న జ్వరం మా ఓడలోకి ఎక్కింది. ముప్పై రోజుల్లో పంతొమ్మిది మంది పోయారు. మొదటి వారంలోనే నౌక వైద్యుడు పోయాడు. మిగిలింది అతని సహాయకుడు, ఇరవై రెండేళ్లవాడు. తనకే జ్వరం, గోడ పట్టుకుని నడుస్తూ నాడి చూసేవాడు. ఆ ఎండలో శవాన్ని గంటకు మించి ఉంచేవాళ్లం కాము.

ఏమస్ ఒక మంగళవారం పొద్దున పోయాడు. ముందు రోజంతా వాగి, రాత్రి ఊరుకున్నాడు. అతను ఊరుకోవడమే మాకు చావు కబురు. సహాయకుడు వచ్చి, మణికట్టు పట్టుకుని, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఎనిమిది గంటలకు పైన డెక్కు మీద జేబెజ్ కుట్టడం మొదలుపెట్టాడు. నేను గుడ్డ పట్టుకున్నాను. పాదాలు, మోకాళ్లు, ఛాతీ. సూది మెడ దాటి ముఖం దగ్గరికి వచ్చింది, ఆగింది.

"మాటిచ్చాను కదరా" అన్నాడు.

"ఇచ్చావు" అన్నాను.

ముక్కును తప్పించి, ఇరుపక్కల గుడ్డను మాత్రం దగ్గరికి లాగి కుట్టేశాడు. కెప్టెన్ ప్రార్థన చదివాడు. అతన్ని పెట్టిన పలకను ఒక వైపు ఎత్తి సముద్రంలోకి జార్చారు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. ఆ రోజు మాకు ఎవరికీ ఏ అనుమానమూ లేదు, దుఃఖం తప్ప.

ఎనిమిదో రోజున ఎలియాస్ పాస్కో పోయాడు. ఫోయీ ఊరివాడు, లంగరు దగ్గర పనిచేసేవాడు. అదే జ్వరం, అదే సహాయకుడు, అదే తల ఊపు. జేబెజ్ పాదాల నుంచి కుట్టుకుంటూ వచ్చాడు. చివరికి ముక్కులో సూది దించాడు.

"ఓరి నీ అమ్మా!" అని శవం అరిచింది.

గుడ్డ పట్టుకున్న నేను వెల్లకిలా పడ్డాను. పాస్కో కళ్లు తెరిచి, ముక్కులోంచి వేలాడే దారాన్ని చూసుకుని, "ఏంరా, నేను నీకు తెరచాపలా కనబడుతున్నానా?" అన్నాడు. ఓడంతా నవ్వింది. నెల రోజుల తరువాత ఆ ఓడలో వినబడిన మొదటి నవ్వు అది. ముసలి ఫిరంగుల మేస్త్రి ఏడుస్తూ నవ్వాడు. కెప్టెన్ అందరికీ రెండో గుక్క రమ్ము పోయించాడు.

జేబెజ్ ఒక్కడే సూది పట్టుకుని అంచు దగ్గరికి పోయాడు. నేను దగ్గరికి వెళ్లాను. నా వైపు తిరగకుండానే, నా చదువు చూసి ఓడలో పెట్టిన పేరుతో పిలిచి అడిగాడు.

"పుస్తకాలోడా, బావ మెడ వెచ్చగా లేదూ?"

"ఆ ఎండకు ఫిరంగి గుండు కూడా వెచ్చగానే ఉంది."

"కాళ్లు బిగుసుకోలేదు. గుడ్డలో పెట్టేటప్పుడు మడత పడ్డాయి. నువ్వూ చూశావు."

"చూళ్లేదు" అన్నాను. చూశాను.

"ఒక్క కుట్టురా," అన్నాడు. "కుట్టి ఉంటే తెలిసిపోయేది. ఇటో అటో."

తిరిగి వచ్చిన రోజు మటన్ కోవ్ మెట్ల దగ్గర టామ్సిన్ నల్ల గౌనులో నిలబడి ఉంది. ఉత్తరం ముందే చేరింది. ఆమె ఏడవలేదు. అన్న దగ్గరికి వచ్చి అడిగింది.

"మాట నిలబెట్టుకున్నావా?"

"నిలబెట్టుకున్నా."

ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని, తారు మరకల మీద ముద్దు పెట్టుకుంది. "నాకదొక్కటే మిగిలింది అన్నా. ఆయన ముఖం ఆయనకుంది" అంది. జేబెజ్ నా వైపు చూశాడు. ఆ చూపును నేను లిస్బన్‌కు తీసుకుపోయాను, వాల్పరైజోకు తీసుకుపోయాను, ఎక్కడా దించుకోలేకపోయాను.

చెప్పేస్తే తన గుండె తేలికవుతుంది, ఆమెది పగులుతుంది. చెప్పకపోతే ఆమె దండం పెట్టినప్పుడల్లా తను మింగాలి. అతను మింగడమే ఎంచుకున్నాడు. చర్చిలోనూ, బావి దగ్గరా, చొక్కాలు ఇచ్చిన ప్రతి అధికారి భార్యతోనూ టామ్సిన్ చెప్పేది: "మా అన్నలా మాట మీద నిలబడే మనిషి లేడు." మంచి పేరు కూడా మనిషిని ఎంత కోస్తుందో అతని పక్కన కూర్చుని చూశాను.

అప్పట్నించి చైనా దారిలో గానీ, మరెక్కడ గానీ, జేబెజ్ ఎవరిని కుట్టినా ముక్కులో రెండు కుట్లు వేసేవాడు. రెండో దానికి ముందు చాలాసేపు ఆగేవాడు. "రెండు కుట్ల రండిల్" అని పేరు పడింది. ఒక కొత్త కెప్టెన్ కసురుకున్నాడు: "చచ్చినవాణ్ణి ఎన్నిసార్లు చంపుతావయ్యా?" జేబెజ్, "చచ్చాడని తేలేదాకా, సార్" అన్నాడు. తల పొగరు మాట కింద పన్నెండు రోజులు రమ్ము ఆపేశారు. అతనికి తాగుడు అలవాటే లేదు. అతని వాటా తాగేది మేమే గనక, ఆ పన్నెండు రోజులూ అది పోయిందని తిట్టుకున్నదీ మేమే.

ఇంకొకటి కూడా ఉంది. ఓడ డెవన్‌పోర్టుకు వచ్చినప్పుడల్లా పాస్కో వచ్చేవాడు. ఉప్పు చేపల చిన్న పీపా ఒకటి భుజాన వేసుకుని, ముక్కు మీద తెల్లటి మచ్చతో, "ఏడీ నన్ను కన్నతండ్రి?" అంటూ మెట్లెక్కేవాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, మొదటివాడికి జేబెజ్ అనే పేరు పెట్టాడు. జేబెజ్ ఆ చేపలు ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. అన్నీ మేమే తిన్నాం. మంచి చేపలు.

ఆవిరి ఓడలు వచ్చాయి. బాల్టిక్‌లో మా ఫీల్డ్‌ఫేర్ గాలి కోసం నోరు తెరుచుకుని నిలబడితే, పొగ గొట్టాల ఓడలు పక్కనించి దూసుకుపోతూ మాకు తాడు విసిరేవి, ముసలమ్మకు చెయ్యి అందించినట్టు. యుద్ధం అయ్యాక కొయ్యలు పీకేసి, పైన చెక్క కప్పు వేసి, డెవన్‌పోర్టు ముందరి హామోజ్ నీళ్లలో గొలుసుకు కట్టేశారు. జేబెజ్‌ను కాపలాదారుగా అందులోనే ఉంచారు. కొయ్యలు లేని ఓడకు తెరచాపలవాడు! నేను తిరిగి తిరిగి ఆ ఏడు డెవన్‌పోర్టు చేరేసరికి, అతను పాత కాన్వాసుతో ఎలుకల కన్నాలు మూసుకుంటూ ఉన్నాడు. ఆదివారం ఆదివారం టామ్సిన్ పడవ మాట్లాడుకుని, మాంసమూ బంగాళాదుంపలూ పెట్టి కాల్చిన పాస్టీలు తెచ్చేది. ముగ్గురం తినేవాళ్లం. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

పద్దెనిమిది వందల అరవై రెండు ఆగస్టులో, ఓడను విరగ్గొట్టే రేవుకు పంపమని ఉత్తర్వు వచ్చింది. ఆ కబురు ఫోయీ దాకా పోయింది. ఆఖరి ఆదివారం పాస్కో పీపాతో సహా దిగాడు. అన్నేళ్లలో అతను వచ్చిన రోజున టామ్సిన్ ఓడ మీద ఉండటం అదే మొదటిసారి. జేబెజ్ లేచి నిలబడ్డాడు. నేను పాస్కో చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయాను. గాలికి అడ్డం పడినట్టయింది.

"మీరు చెల్లెలు గారా? అమ్మా, మీ అన్న దేవుడమ్మా! చూడండి," అని ముక్కు చూపించాడు. "జ్వరంతో చచ్చానని కుట్టేస్తున్నారు నన్ను. అంతా అయిపోయింది, గుండ్లు కూడా కట్టారు. చివరి కుట్టు ఇక్కడ దిగ్గానే లేచి కూర్చున్నా. ఆ ఒక్క కుట్టు లేకపోతే ఇవాళ నా ఏడుగురు పిల్లలు లేరు!"

టామ్సిన్ చేతిలో పాస్టీ అలాగే ఉంది.

"ఎక్కడ జరిగింది ఇది?" అంది.

"బెనిన్‌లోనమ్మా. ఆ పెద్ద జ్వరంలో."

ఆమె అన్న వైపు తిరిగింది. "ఈయన ముందా, ఆయన ముందా?"

జేబెజ్ పాస్కో వైపు చూశాడు. పాస్కోకు అప్పటికి ఏదో అర్థమై, టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"నిన్నే అడుగుతున్నా."

"బావే ముందు," అన్నాడు జేబెజ్. "ఎనిమిది రోజులు."

కింద నీళ్లు ఓడకు తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఆమె పాస్టీని గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టింది. బుట్ట మూత వేసింది.

"ఇరవై నాలుగేళ్ల కిందటే చెప్పాల్సింది," అంది. "లేకపోతే ఎప్పటికీ నాకు తెలీకుండా చూడాల్సింది. నువ్వు రెండూ చెయ్యలేదు." మెట్లు దిగి పడవెక్కింది. ఎవరి వైపూ చూడలేదు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరువాతా రాలేదు.

రేవులో ఓడను విరగ్గొట్టడానికి నాలుగు నెలలు పట్టింది. జేబెజ్ ఊళ్లో ఒక గది తీసుకుని, రోజూ పోయి గట్టు మీద కూర్చునేవాడు. రాగి రేకు ఊడదీశారు, పలకలు ఊడదీశారు, పక్కటెముకల్లాంటి ఓక్ దూలాలు బయటపడ్డాయి. ఊళ్లోవాళ్లు పొయ్యిలోకి కొనుక్కుపోయారు. రాగి పట్టిన చెక్క మండితే మంట ఆకుపచ్చగా వస్తుంది. ఆ శీతాకాలం డెవన్‌పోర్టు సందుల్లో కిటికీలు పచ్చగా వెలిగాయి. జేబెజ్ డిసెంబరు వానల్లో ఆ గట్టు మీదే కూర్చుని ఛాతీకి జలుబు పట్టించుకున్నాడు. నేను టామ్సిన్ ఇంటికి పోయాను.

"పోతాడమ్మా," అన్నాను.

ఆమె కాజా కుడుతోంది. కుట్టడం ఆపలేదు. "ఒట్టు వేయించుకున్నది నేను," అంది. "అన్నని చూస్తే నాకు నేను కనబడుతున్నా. అందుకే పోవడం లేదు. కోపం అనుకున్నావా?" దారం తెంపి, శాలువా అందుకుంది.

జేబెజ్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. అతనే అన్నాడు, ఊపిరి ఆపి ఆపి:

"చెల్లీ, ఆ సంచీలో... బావ..."

"ఏంటి, బతికున్నాడంటావా?"

అతను తలూపాడు.

"నిద్రలోనే నోరు మూయని మనిషి," అంది టామ్సిన్. "నువ్వు కుడుతున్నంతసేపూ బతికి ఉండి ఊరుకుంటాడా? కుట్టు వంకరపోయిందని నీకు వంద పేర్లు పెట్టేవాడు. పాదాల దగ్గరే చక్కిలిగిలి అని గోల చేసేవాడు. ఊరుకున్నాడంటే పోయాడన్నట్టే."

జేబెజ్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. ఆమె మాట అతను నమ్మాడో లేదో నాకు తెలియదు. ఆమె నమ్మే అన్నదో లేదో కూడా తెలియదు. పడకపక్కన ఉన్న ఆమె చేతిని మాత్రం అతను వదల్లేదు. మూడో రోజు తెల్లవారుజామున, ఇద్దరం చూస్తుండగా పోయాడు.

తన గుడ్డ ఊయలలోనే పెట్టి పాతమని ముందే అడిగాడు. పాదిరిగారు పెట్టె ఉండాల్సిందే అన్నారు. పెట్టెలో ఊయలకు అడ్డు చెప్పలేదు. స్నానం చేయించాం. తెల్లగా పొద్దెక్కింది, కిటికీ తెరిచాం. సూదీ దారమూ నేను తీసుకోబోతే టామ్సిన్ నా చేతిలోంచి లాక్కుంది. అన్న తోలుపట్టా తన అరచేతికి బిగించుకుంది. పెద్దదైంది, లోపల గుడ్డ ముక్క కూరింది. గుండ్లు ఎక్కడివి? రేవులో ఏరుకొచ్చి అతను కిటికీలో దాచుకున్న ఓడ రాగి మేకు ఒకటి పాదాల దగ్గర పెట్టింది. కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ సమానంగా, దగ్గరగా, అన్న నేర్పినట్టే.

ముఖం దగ్గరికి వచ్చేసరికి, "ఇది నేను చేస్తానమ్మా" అన్నాను.

"వద్దు."

సూది పెట్టింది. మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని దించింది. దారం ఇవతలికి వచ్చింది. అతను కదల్లేదు.

"ఎంతసేపు చూస్తారు?" అని అడిగింది.

"చూడరమ్మా. అరవకపోతే దారం తెంపేస్తారు."

"నేను చూస్తా," అంది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పెట్టె తెచ్చినవాళ్లు తలుపు తట్టేదాకా, మధ్యాహ్నం పన్నెండు దాకా, ఆ ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఆ తరువాత వంగి, పళ్లతో దారం తెంపింది.